ఉక్కుడేగ ఏడో భాగం

పటాన్‌చెరు దాటి బస్సు కాజీపల్లి వైపు తిరగ్గానే కిటికీలోంచి ఒక వాసన లోపలికొస్తుంది. పులిసిన గంజిలో ఎవరో కిరసనాయిలు కలిపి, రేకు డబ్బాలో పోసి ఎండలో పెట్టినట్టుంటుంది. తోటి ప్రయాణికులు కొంగులూ చేతిరుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకుని, కిటికీ అద్దాలు జరుపుకుని, కంపెనీల వాళ్లను నాలుగు తిట్లు తిడతారు. నేనూ తిడతాను, తిట్టదగిన వాసనే అది. కానీ తిడుతూనే అందరికంటే ఒక ఊపిరి ఎక్కువ పీలుస్తాను. నా మొదటి పదేళ్లూ ఆ వాసనలోనే గడిచాయి మరి. మొన్న బడి పని మీద అటు పోతుంటే పక్క సీటామె నన్ను ఎగాదిగా చూసి, "ఏందమ్మా, గీ కంపుల గంత హాయిగ కూసున్నవ్?" అని అడిగింది.

మేమున్నది పన్నెండు గదుల లైను. ఒకటే పొడుగాటి గోడ, ఒకటే సిమెంటు రేకుల కప్పు, పన్నెండు తలుపులు, ఈ చివర బోరింగు, ఆ చివర ఎవరూ కట్టుకోని ఖాళీ జాగా. వాన పడితే రేకుల మీద చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినపడేది కాదు. ఎండాకాలం ఆ రేకుల మీద తడిపిన గోనెసంచులు పరిచి, మధ్యాహ్నానికల్లా అవి ఎండి బిగుసుకుపోతే మళ్లీ తడిపేవాళ్లం. లైనులోని మగవాళ్లంతా రోడ్డుకు అవతల ఉన్న రంగుల కంపెనీలోనే పనిచేసేవాళ్లు. బట్టలకు వేసే రంగుల పొడి తయారయ్యేదక్కడ. మూడు షిఫ్టుల పని కాబట్టి పగలు ఎప్పుడు చూసినా సగం గదుల్లో ఎవరో ఒకరి తండ్రి నిద్రపోతూ ఉండేవాడు. అందుకని మా ఆటలన్నీ నోరు మూసుకుని ఆడే ఆటలే: చింతగింజలు, అష్టాచెమ్మ, అచ్చనగాయలు. చప్పుడు లేకుండా గిల్లుకోవడంలో, చప్పుడు లేకుండా జుట్టు పట్టుకుని కొట్లాడటంలో మా లైను పిల్లల్ని మించినవాళ్లు ఈ జిల్లాలోనే ఉండరని ఇప్పటికీ నా నమ్మకం.

మా నాయిన నర్సింలు జోగిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ కంపెనీలో ఎల్లో బ్లాకులో కుదిరాడు. పక్క గదిలో అంజయ్య మామ, ఆయన కొండాపూర్ వైపు మనిషి, ఆయనా అదే బ్లాకు. మామ అంటే చుట్టరికం ఏమీ లేదు. గోడకు గోడ ఆనుకుని బతికితే మామలూ అత్తలూ వాటంతటవే పుట్టుకొస్తారు. ఎల్లో బ్లాకు వాళ్లను ఆమడ దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. గోళ్లు, అరచేతులు, మెడ మడతలు, చెవుల వెనక, అంతా పచ్చగా ఉండేది. మా వైపు పసుపు రంగును కూడా పచ్చ అనే అంటారు. ఆ పచ్చదనం సబ్బుకు లొంగేది కాదు. బ్లీచింగు పొడి వేసి రుద్దితే పైకి పోయేది కానీ, చర్మం లోపలికి దిగిన రంగు చెమటతో పాటు మళ్లీ బయటికి ఊరేది. నాయిన తలదిండు మీద తలకాయంత పచ్చటి మచ్చ. ఆయన చంకలో నన్నెత్తుకుంటే నా గౌను మీద పచ్చటి మచ్చ. అమ్మ ఆ బట్టలు ఉతుకుతూ, "నీకు ఇంట్ల పెండ్లాం గాదు, బోరింగు కాడ చాకలి గావాలె" అని సణిగేది. నాయిన చేత్తో అన్నం కలుపుకోకుండా చెంచాతో తినేవాడు. అది చూసి నేను, మా నాయిన ఆఫీసరు లాంటివాడు కాబట్టి చెంచాతో తింటాడని బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని.

ఆ రంగు వల్ల మాకొక వైభోగం కూడా ఉండేది. బతుకమ్మ పండుగ వస్తే ఊళ్లల్లో తెల్లటి గునుగు పూలకు వేయడానికి దుకాణంలో రంగు పొట్లాలు కొనుక్కునేవాళ్లు. మా లైనులో ఆ బాధే లేదు. ఎల్లో బ్లాకాయన పచ్చది, రెడ్డు బ్లాకాయన ఎర్రది, తలా చిటికెడు పొడి బీడీ కట్ట కాగితంలో దాచుకొచ్చేవాళ్లు. ఆ చిటికెడుతో బకెట్టెడు నీళ్లు కళ్లు చెదిరేలా మెరిసేవి. మా లైను బతుకమ్మల ముందు కాజీపల్లిలో ఏ బతుకమ్మా నిలిచేది కాదు. నువ్వుల సత్తు, పల్లీల సత్తు, మలీద ముద్దలు నోట్లో కుక్కుకుంటూ, రంగు వేళ్లతోనే తింటున్నామని తల్లులతో తిట్లు తింటూ, ఖాళీ జాగాలో చీకటి పడేదాకా తిరిగేవాళ్లం.

ఇక అసలు సంగతికొస్తాను. నేను నాలుగు నుంచి ఐదో తరగతికి వచ్చే రోజుల్లో నాకు ఉక్కుడేగ పిచ్చి పట్టింది. అది బొమ్మల కథల పుస్తకం. మొత్తం ఏడు భాగాలు, నెలకొకటి వస్తుందని మొదటి భాగం అట్ట మీదే అచ్చువేశారు. ఏడు కోటలు, కోటకొక యుద్ధం. వీపుకు ఉక్కు రెక్కలు కట్టుకుని ఎగిరే ఉక్కుడేగ ఒక్కో కోటా గెలుచుకుంటూ పోతాడు. ఏడో కోటలో ముసుగు దొర ఉంటాడు. ఆరు భాగాల్లోనూ ఆ దొర ముఖం ఎవరికీ కనపడదు. ఏడో భాగంలో ముసుగు తీస్తారు. మా బుర్రలు తినేసిన ప్రశ్న అదొక్కటే: ముసుగు వెనక ఎవరు?

పుస్తకం పటాన్‌చెరు బస్టాండు దుకాణంలో మాత్రమే దొరికేది. నాయినే తెచ్చేవాడు. తెచ్చి నాకిచ్చేముందు దారిలో బస్సులో కూర్చుని తనే మొత్తం చదివేసేవాడు. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి, బొమ్మలంటే నా కంటే ఆశ ఎక్కువ. ఇంట్లో అడుగుపెడుతూనే, "ఇయ్యాల మనోనికి సుక్కలు కనవడ్డయ్ పో" అని ఊరించి, అమ్మ కసిరితే నవ్వి ఊరుకునేవాడు. కాబట్టి నా చేతికొచ్చే ప్రతి పుస్తకం అంచుల్లో ఆయన వేళ్లు పట్టుకున్న చోటల్లా పచ్చటి మరకలుండేవి. నాకవి ఎప్పుడూ మరకల్లా తోచలేదు. అన్ని పుస్తకాలూ అట్లాగే వస్తాయనుకునేదాన్ని.

నా తర్వాత పుస్తకం కవితకు. కవిత అంజయ్య మామ బిడ్డ, నా కంటే ఆరు నెలలు పెద్ద, ఆ ఆరు నెలల పెద్దరికం రోజుకు ఆరుసార్లు గుర్తుచేసేది. మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఉండేది. పుస్తకంలో చివరి నాలుగు పేజీలు ఎవరూ ఒంటరిగా చదవకూడదు. నేను ముందు చదివి ఆ నాలుగు పేజీల దగ్గర ఆపేయాలి, తనూ చదివి అక్కడే ఆపేయాలి, ఆపైన ఇద్దరం బోరింగు గద్దె మీద పక్కపక్కన కూర్చుని చదవాలి. నాకు నోరు ఆగదు కానీ ఇచ్చిన మాట తప్పేదాన్ని కాదు. కవిత అందరితోనూ అదే చెప్పేది: "సరిత అబద్ధమాడది. అది కొట్టినా ఆడది." అది ఆ మాట అంటుంటే నాకు లోలోపల మహా గర్వంగా ఉండేది.

"ఆ ముసుగోడు ఉక్కుడేగ సొంతోడే అయ్యుంటడు," అనేది కవిత.

"సొంతోడైతే ఎందుకు చంపుతడే? నీకు దిమాక్ లేదు," అనేదాన్ని నేను.

"సూడు నువ్వు. సొంతోడే."

ఆరో భాగం వచ్చిన కొన్నాళ్లకు కంపెనీలో సమ్మె మొదలైంది. ఎన్నేళ్లు చేసినా రోజు కూలీల్లాగే ఉంచుతున్నారు, పర్మనెంటు చేయాలి, చేతులకు గ్లౌజులివ్వాలి, ఇవీ అడిగినవి. అన్నిటికీ అంజయ్య మామే ముందున్నాడు. ఖాళీ జాగాలో తడకలు పాతి, పైన తాటిపత్రి కట్టి టెంటు వేశారు. తలా గిద్దెడు బియ్యం వేస్తే పెద్ద గిన్నెలో అందరికీ ఒకటే వంట, పప్పుచారు, పచ్చిపులుసు, ఒక్కోసారి ఉత్త గొడ్డుకారం. పిల్లలకు మాత్రం అదొక జాతర. తండ్రులంతా పగలంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు, ఎవరూ నిద్రపోవడం లేదు, ఎంత చప్పుడైనా చేయొచ్చు! మొదటి రెండు రోజులూ మేము అరిచిన అరుపులకు గొంతులు పోయాయి.

అప్పుడు ఒక వింత జరిగింది. వారం తిరిగేసరికి ఎల్లో బ్లాకు వాళ్ల చేతుల రంగు తేలిపోవడం మొదలైంది. ముందు అరచేతులు, తర్వాత మెడలు, అన్నిటికంటే చివర గోళ్లు. పొద్దున్నే టెంటు దగ్గర వరసగా చేతులు చాపి ఒకరివొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లు. వాటికి సమ్మె చేతులని పేరు పెట్టారు. కవిత వాళ్ల నాయనమ్మ ఎల్లవ్వ, నోట్లో ఆకు వక్క, నడుముకు సున్నం డబ్బీ లేకుండా ఏనాడూ కనపడని ముసలామె, కొడుకు చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "పెండ్లిల గిట్లనే ఉండె నీ చేతులు కొడుకా" అని ఏడ్చింది. అమ్మ మా తలదిండు గలీబు ఉతికి ఆరేస్తే అది తెల్లగా ఎగిరింది. నాయిన అన్నం చేత్తో కలుపుకుని తిన్నాడు. నాకు ఒక ముద్ద పెట్టాడు కూడా. ఆయన చేతి ముద్ద తినడం నాకదే మొదలు.

ఒక సాయంత్రం టెంటులో ఒక్కొక్కరూ లేచి మాట్లాడుతుంటే నాయిన కూడా లేచాడు. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకునే లేచాడు. రెండు చేతులూ పైకెత్తి చూపించి, "గిప్పుడు నా చేతులు తెల్లగైనయ్. ఇగ మల్ల పచ్చగ గావాలంటే, మనందరియి ఒక్కటే దినం గావాలె. ఒక్కన్ని చేతులు పచ్చగైతే గాడు మనోడు కాదు!" అన్నాడు. టెంటు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అంజయ్య మామ వచ్చి నాయినను కావలించుకున్నాడు. ఆ ఎత్తు మీద నుంచి కింద కవిత ముఖం వెలిగిపోతూ కనపడుతుంటే, ఉక్కుడేగ లేడు, గిక్కుడేగ లేడు, మా నాయినే ఉన్నాడనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. అందుకే ఇప్పటికీ ఈ మాట రాస్తుంటే ఒళ్లు మండుతుంది.

సమ్మె నెల దాటింది. బియ్యం గిద్దెల నుంచి పిడికెళ్లకు వచ్చాయి. బతుకమ్మ దగ్గరికొచ్చింది, ఆ ఏడు మా లైనులో రంగు పొడి లేదు, గునుగు తెల్లగానే పేర్చుకున్నాం. దానికీ ఎవరూ బాధపడలేదు, "ఇది సమ్మె బతుకమ్మ" అని ఆడవాళ్లు దానిమీద కూడా పాట కట్టారు. ఆ రోజుల్లోనే నాయిన, ఊళ్లో పెద్దనాయిన దగ్గర మక్క చేలో, అదే మొక్కజొన్న, కంకులు విరవడానికి మనుషులు దొరకడం లేదు, వారం రోజులు పోయొస్తానని అంజయ్య మామకు చెప్పి చేతిసంచి పట్టుకుని వెళ్లాడు. "పోయి రా. నాలుగు గింజలు తెస్తే టెంటుల కూడ వేద్దం," అన్నాడు మామ.

ఎనిమిదో రోజు వచ్చాడు. సంచిలో నాలుగు మక్క కంకులు, వాటి కింద ఉక్కుడేగ ఏడో భాగం. అట్ట మీద ఎర్రటి అక్షరాలతో "చివరి యుద్ధం!" అని ఉంది. నేను కేక పెట్టి ఎగిరాను. ఈసారి ఆయన ఊరించలేదు, కథ మాటే ఎత్తలేదు. చేతులు తెల్లగా, కానీ పొట్టు లేచి, అక్కడక్కడా ఎర్రగా పుండ్లు పడి ఉన్నాయి. "మక్క ఆకులు కోసినయ్," అన్నాడు. అమ్మ ఆయన వైపు చూడకుండా కంకులు కాల్చడానికి లేచింది. పడుకునేముందు ఆయన తలదిండు మీద పాత చీర ముక్క ఒకటి పరిచింది. అప్పుడు నాకదేమీ పట్టలేదు. నా కళ్లన్నీ పుస్తకం మీదే ఉన్నాయి.

అంచుల్లో ఎప్పటిలాగే పచ్చటి మరకలున్నాయి. చూశాను. చూసి, ముచ్చటపడ్డాను కూడా. ఆరు పుస్తకాల్లోనూ ఉన్నవే ఏడో దాంట్లోనూ ఉన్నాయి, అంతే కదా అనుకున్నాను. సమ్మె మొదలై నెల దాటిందని, నాయిన చేతుల్లో ఊరడానికి రంగే లేదని నాకు తట్టలేదు. పొద్దున చివరి నాలుగు పేజీల దగ్గర ఆగి, ముసుగు మీద చెయ్యి పడుతున్న బొమ్మ దగ్గర ఊపిరి బిగబట్టి, మాట ప్రకారం పుస్తకం మూసి కవితకిచ్చి వచ్చాను. "జల్దీ చదువే, సాయంత్రం గద్దె మీద కూసుందాం," అన్నాను.

సాయంత్రం గద్దె మీద చాలాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను. కవిత రాలేదు. అంజయ్య మామ వచ్చాడు. చేతిలో పుస్తకం ఉంది. వెనక కవిత, ఎల్లవ్వ, ఇంకా లైనులోని నలుగురైదుగురు. నేరుగా మా గది ముందుకు పోయాడు. నేనూ పరుగెత్తాను. నాయిన గడపలో నిలబడి ఉన్నాడు.

"నర్సింలూ, గీ మరకలేంది?" అన్నాడు మామ. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది.

నాయిన పుస్తకం వైపు చూశాడు. ఆ చూపు కిందికి దిగి, నా మీద ఆగింది. "పసుపు," అన్నాడు. "నిన్న ఆడోళ్లు గౌరమ్మను జేసిన్రు గదా. బిడ్డ గవే చేతులతోని పుస్తకం వట్టింది. గంతే."

బతుకమ్మ మీద పెట్టే గౌరమ్మను ముద్ద పసుపుతో చేస్తారు. ముందురోజు అమ్మ చేసిన మాట నిజమే. నేను ముట్టుకోలేదు. ముట్టుకోలేదని నాకు తెలుసు, అమ్మకు తెలుసు, నాయినకూ తెలుసు.

"ఎల్లో బ్లాకు నడుస్తుందని, వెనుక గేటు నుంచి పర్దాలేసిన వ్యాను పోతుందని అంటున్నరు," అన్నాడు మామ. "ఎవడెవడు పోయిండో నాకు తెల్వదు. నువ్వు పోయినవంటే నేను నమ్మ. అందుకే అడుగుతున్న."

అప్పుడు కవిత ముందుకొచ్చింది. "సరితను అడుగు నాయినా. అది అబద్ధమాడది," అంది.

మామ నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "చెప్పు బిడ్డా. నువ్వేది చెప్తే గదే."

నేను నాయిన వైపు చూశాను. ఆయన నన్ను బెదిరించలేదు. ఉరిమి చూస్తే ఎదురు తిరిగేదాన్నేమో. బతిమాలాడు, నోరు మెదపకుండా కళ్లతో బతిమాలాడు. పదేళ్ల పిల్లను! ఆ క్షణంలో నాకంతా తెలిసిపోయింది: మక్కలు లేవు, ఊరు లేదు, పెద్దనాయిన లేడు, చేతుల మీది పుండ్లు బ్లీచింగు పొడివి. టెంటులో ఎత్తిన చేతుల్లో నిజం లేదు. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"పసుపే మామా," అన్నాను. "నేనే వట్టుకున్న."

అంజయ్య మామ ముఖంలో ఒక్కసారిగా బరువు దిగిపోయింది. నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు. కవిత నా పక్కకొచ్చి నిలబడింది. వెనక నుంచి ఎవరో, "చిన్న పోరి ఏం చెప్పమంటే గదే చెప్తది" అని గొణిగారు. ఆ మాటతో ఎల్లవ్వకు రోషం వచ్చింది.

"ఎవడ్రా గాడు? ఆడివిల్ల మీద నింద ఏస్తవా?" అని ముందుకొచ్చింది. "పసుపు గాదో అవునో తెల్సుకునుడు గంత కష్టమా? సున్నం తాకితే పసుపు ఎర్రగైతది. దిష్టి నీళ్లు సూడలేదా మీరెన్నడు? ఇగో, అందరు సూడున్రి, నా మనుమరాలి లెక్క పిల్ల ఇది, దీని నోట అబద్ధం రాదు!"

నడుముకున్న డబ్బీ తీసింది. వేలి కొసకు సున్నం తీసుకుంది. పుస్తకం తెరిచి, అంచున మరక మీద పెట్టి రుద్దింది.

ఆమెకు నా మీద నమ్మకం. అందుకే రుద్దింది. నాకు ఇన్నేళ్లూ మింగుడుపడనిది అదే.

మరక ఎర్రబడలేదు. సున్నం తెల్లగా, దాని కింద రంగు పచ్చగా, అట్లాగే ఉన్నాయి. ఎల్లవ్వ ఇంకో పేజీ తిప్పి ఇంకో మరక మీద రుద్దింది. తడి ఆరనీయాలేమోనని నోటితో ఊదింది. మూడో పేజీ కూడా తిప్పింది. ఆ తర్వాత డబ్బీ మూసి, నాయిన వైపు అసలు చూడకుండా నా వైపు చూసి, "ఏందే బిడ్డా," అంది.

ఎవరూ కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. అంజయ్య మామ పుస్తకాన్ని మా గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. కవిత పోతూ పోతూ ఆగి, "నువ్వు సుత," అంది. నువ్వు కూడా అనే ఆ ఒక్క మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. నేనేమైనా కావాలని చేశానా అని వెనకాలే అరవాలనుకున్నాను, అప్పటికే అది తమ గదిలోకి పోయింది.

ఆ రాత్రి అమ్మ ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టింది. చివరి నాలుగు పేజీలన్నా చదువుతాను, ముసుగు వెనక ఎవరో చూసి ఇస్తాను అని ఏడ్చాను. "ఆ ముసుగోడు ఎవడైతే మనకేందే? మన మొకాలు అందరు సూసిన్రు సాలదా?" అంది. అమ్మకు ముందే తెలుసన్నమాట. ఆ ఒక్క మాటతో అమ్మ మీద కూడా నా నమ్మకం పోయింది. ఒకే సాయంత్రం ఇంట్లో ఇద్దరూ పోయారు.

లైనులో ఆ తర్వాత పది రోజులున్నాం. బోరింగు దగ్గర అమ్మ బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు వెనక్కి తీసుకునేవాళ్లు. నన్ను చూసి పిల్లలు ఆట ఆపేసేవాళ్లు. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మా బతుకమ్మను గది లోపలే పెట్టుకుని, తలుపు సందులోంచి ఖాళీ జాగాలో ఆడుతున్నవాళ్లను చూశాను. కవిత కొత్త పరికిణీ వేసుకుంది. ఒక్కసారైనా ఇటు చూస్తుందేమోనని చూశాను. చూడలేదు. దోస్తువు అనుకున్నానే, కనీసం నన్ను పక్కకు పిలిచి అడక్కుండా పుస్తకం తీసుకెళ్లి తండ్రి చేతిలో పెట్టావే అని దాని మీద ఎంత కోపంగా ఉండేదో! చాలా ఏళ్లు, అసలు దోషం కవితదే అన్నట్టు దాన్నే మనసులో తిట్టుకున్నాను. నాయినను తిట్టుకోవడం కంటే అది తేలిక.

సమ్మె ఆ నెలలోనే విరిగిపోయింది. లోపల బ్లాకు నడుస్తోందని తెలిశాక ఒక్కొక్కరే పోయి గేటు ముందు నిలబడ్డారు. అంజయ్య మామను మాత్రం మళ్లీ తీసుకోలేదు. వాళ్లు గది ఖాళీ చేసి కొండాపూర్ వైపు వెళ్లిపోయారని విన్నాం. నాయిన పర్మనెంటు అయ్యాడు. మేము సంగారెడ్డికి మారాం. నాయిన రోజూ కంపెనీ బస్సులో పోయి వచ్చేవాడు, చేతులకు గ్లౌజులు కూడా ఇచ్చారు. ఆ జీతంతోనే నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మంట చల్లారదు. పుట్టెడు కష్టముండి పోయాడేమో, ఎవరైనా బెదిరించారేమో, పల్లెకు మళ్లీ పోవాల్సి వస్తుందని భయపడ్డాడేమో, ఏదైనా కావచ్చు. గేటు లోపలికి పోయినందుకు ఆయనను ఏనాడో క్షమించేదాన్ని. నన్ను సాక్ష్యం పిలిచినందుకు మాత్రం క్షమించలేకపోతున్నాను. పోనీ, ఒక్కసారి ఆ మాటెత్తి, "తప్పయింది బిడ్డా" అని ఉంటే సరిపోయేది. ముప్పై ఏళ్లలో ఎత్తలేదు. పండుగలొచ్చాయి, నా పెళ్లయింది, అమ్మ పోయింది. ఎత్తలేదు.

ఇప్పుడు కాజీపల్లిలో ఆ లైను లేదు. దాని మీద మందుల గోదాం ఒకటి లేచింది. ఖాళీ జాగా గోదాం లారీల పాలైంది. మొన్న బస్సు దిగి వెతికితే బోరింగు గొట్టం ఒక్కటి మూతపెట్టి కనపడింది. పగలు నిద్రపోయే తండ్రుల కోసం నోరు మూసుకుని ఆడుకునే పిల్లలూ కనపడలేదు. అక్కడుండే కుర్రాళ్లంతా బీహారు, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు, ఫోన్లలో తమ పిల్లల ముఖాలు చూసుకుంటున్నారు. పటాన్‌చెరు బస్టాండులో పుస్తకాల దుకాణం చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బొమ్మల కథలు కొనేవాళ్లు లేరు, వేసేవాళ్లూ లేరు.

అయినా ఏడో భాగం నాకు దొరికింది. సంగారెడ్డిలో పాత పేపర్లు కొనే దుకాణంలో, తూకానికి కట్టిన కట్టలో. అట్ట చిరిగింది కానీ లోపల పేజీలు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క మరక లేదు. అక్కడే, దుకాణం మెట్టు మీదే నిలబడి చివరి నాలుగు పేజీలు తిప్పాను. ఉక్కుడేగ ముసుగు మీద చెయ్యి వేస్తాడు. పట్టుకుంటాడు. లాగుతాడు. దొర వీపు మనవైపు ఉంటుంది. "ఆహా! నువ్వా!" అంటాడు ఉక్కుడేగ. కింద పెట్టె కట్టి రాశారు: ఆ ముఖం ఎవరిది? త్వరలో రాబోయే సరికొత్త సిరీస్‌లో చూడండి! అంతే. ఆ కొత్త సిరీస్ ఎన్నడూ రాలేదు. చివరి యుద్ధమని అట్ట మీద అంత లావు అక్షరాలతో వేసి, ఆరు నెలలు మా ప్రాణాలు తోడి, చివరికి ఇదా ఇచ్చేది? దొంగ ముండాకొడుకులు, అని పైకే అన్నాను. దుకాణమతను తనననుకుని ఉలిక్కిపడ్డాడు.

పుస్తకం ఇంటికి తెచ్చాను. నాయిన ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. డెబ్బై దాటాయి, మతిమరుపు లేదు, చూపు మాత్రం కొంచెం తగ్గింది. ఆదివారం పొద్దున, కుర్చీలో కూర్చుని ఎండకు కాగుతుంటే పుస్తకం ఆయన ఒడిలో పెట్టాను. అద్దాలు సర్దుకుని అట్ట చూశాడు. నవ్వాడు. అట్ట మీద చెయ్యి వేసి నిమిరాడు. మా అమ్మాయి పక్కకొచ్చి, "ఏంది తాతా అది?" అని అడిగింది. ఐదో తరగతి చదువుతోంది.

"మీ అమ్మకు నేను తెస్తుంటి. దీనికోసం ఏడ్సేది మీ అమ్మ," అన్నాడు నాయిన.

ఎందుకో అప్పుడు అడిగేశాను. అనుకుని అడగలేదు. "నాయినా, నువ్వు తెచ్చిన పుస్తకం మీద మరకలుండె గదా. ఏం మరకలవి?"

ఆయన తల ఎత్తలేదు. ఒక పేజీ తిప్పాడు. మర్చిపోయాడేమో అనుకున్నాను. మర్చిపోతే నాకూ కొంచెం నెమ్మదిగా ఉండేది.

"పసుపే గదా బిడ్డా," అన్నాడు. "నువ్వే చెప్తివి గదా."

మా అమ్మాయి నా ముఖం వైపు చూసింది.

"కాదు," అన్నాను.

నాయిన ఇంకో పేజీ తిప్పాడు.